సుబ్బయ్య కుడిపక్కన ఎవరు?

లెక్కకు జవాబు కనుక్కోవడం ఒక పద్ధతి. జవాబు కనుక్కోగలమో లేదో తేల్చేసి, కనుక్కోకుండానే లేచిపోవడం ఇంకో పద్ధతి. ఈ రెండో పద్ధతికి మేనేజిమెంటు కాలేజీల ప్రవేశ పరీక్షలో ‘సమాచార పర్యాప్తత’ అని పేరు. ఒక ప్రశ్న ఇస్తారు, దాని కింద రెండు సూచనలిస్తారు. మొదటి సూచన ఒక్కటే చాలితే ఒకటి, రెండోది ఒక్కటే చాలితే రెండు, రెండూ కలిస్తేనే చాలితే మూడు, రెండూ కలిపినా చాలకపోతే నాలుగు అని గుర్తు పెట్టాలి. అసలు జవాబు ఎవరికీ అక్కర్లేదు. ఇదేదో సముద్రం దాటి వచ్చిన కొత్త విద్య అన్నట్టు కోచింగు సెంటర్ల వాళ్ళు పిల్లల్ని బెదరగొడుతుంటారు గానీ, మా ఆఫీసుల్లో ఇది తాతల నాటి నుంచీ ఉన్నదే. మీ వీధికి కుళాయి ఎప్పుడొస్తుందని ఏ ఆఫీసులోనైనా అడిగి చూడండి. ఎప్పుడొస్తుందో చెప్పరు. చెప్పడానికి తగినంత సమాచారం లేదని మాత్రం తడుముకోకుండా చెబుతారు.

నేను ప్రవేశ పరీక్షల మండలిలో సూపరింటెండెంటుని. పేరు కోదండపాణి. అయితే ఆఫీసు ఉత్తర్వుల ప్రకారం ప్రస్తుతం నేను డేవిడ్‌ని. అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు అరవై మూడో ప్రశ్న సంగతి చెప్పాలి.

ఆ ఏడాది పేపర్లో ఆ ప్రశ్న ఇలా ఉంది. సుబ్బయ్య, మస్తాన్, డేవిడ్, లలిత అనే నలుగురు ఒక చదరపు బల్లకు నాలుగు వైపులా, వైపుకొకరు చొప్పున, బల్లకేసి తిరిగి కూర్చున్నారు. సుబ్బయ్య కుడిపక్కన ఎవరున్నారు? సూచన ఒకటి: మస్తాన్‌కు ఎదురుగా లలిత ఉంది. సూచన రెండు: డేవిడ్ కుడిపక్కన లలిత ఉంది.

మండలి విడుదల చేసిన జవాబుల పట్టిక, అదే కీ, దీనికి నాలుగు అని చెప్పింది. అంటే ఈ రెండు సూచనలూ కలిపినా సుబ్బయ్య కుడిపక్కన ఎవరో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడని.

కీ వచ్చిన మూడో రోజు పొద్దున్నే కనిగిరి నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు ఇందుమతి. చేతిలో హాల్‌టికెట్టు, భుజానికి అన్నం క్యారేజీ సంచి. నా బల్ల ముందు నిలబడి, కుర్చీ చూపించినా కూర్చోకుండా మొదలుపెట్టింది.

“సార్, అరవై మూడుకి మూడు రావాలి. మీరు నాలుగిచ్చారు.”

“అభ్యంతరం ఆన్‌లైన్లో పెట్టావా అమ్మా?”

“పెట్టాను సార్. ‘మీ అభ్యంతరం అందినది, అందిన విషయము పరిశీలనలో ఉన్నది’ అని వచ్చింది. అందిందా లేదా అన్నదే ఇంకా పరిశీలిస్తున్నారంట. అందుకే నేనే వచ్చా.”

ఆమె నన్ను అడగకుండానే నా బల్ల మీది సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. జిగురు సీసా సుబ్బయ్య అంది. స్టేప్లరు మస్తాన్. కాగితాలకు బెజ్జాలు వేసే పంచింగు మిషను డేవిడ్. నా టీ గ్లాసు లలిత.

“మొదటి సూచన చూడండి సార్. మస్తాన్ ఎదురుగా లలిత. ఇంక మిగిలింది సుబ్బయ్య, డేవిడ్. వాళ్ళిద్దరూ ఎదురెదురు. సుబ్బయ్య కుడిపక్క మస్తానన్నా ఉండాల, లలితన్నా ఉండాల. ఎవరో తేలదు. రెండో సూచన ఒక్కటే తీసుకుంటే డేవిడ్ పక్కన లలిత ఉందని తెలిసింది గానీ సుబ్బయ్య ఎక్కడున్నాడో తెలీదు. ఇప్పుడు రెండూ కలపండి. డేవిడ్‌కి కుడిచేతి వైపు లలిత. మరి లలిత ఎదురుగా ఉండాల్సిన మస్తాన్ డేవిడ్‌కి ఎడంచేతి వైపేగా? డేవిడ్ ఎడంచేతి వైపంటే ఎదురుగా కూర్చున్న సుబ్బయ్యకి కుడిచేతి వైపు. మస్తానే సార్. తేలిపోయింది.”

నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఇంత త్వరగా అర్థం చేసుకునే దుర్గుణం వల్లనే నేను సూపరింటెండెంటు దగ్గర ఆగిపోయాను.

“ఒక్క మార్కేగా అమ్మా” అన్నాను.

“ఒక్క మార్కే సార్. గవర్నమెంటు కాలేజీలో ఆఖరి సీటు నాకంటే ఒక్క మార్కు ఎక్కువొచ్చిన వాళ్ళకి పోతోంది. ప్రైవేటులో చదివించే తాహతు మాకు లేదు. ఈ ఏడు రాకపోతే బట్టల కొట్లో బిల్లులు రాయడానికి పొమ్మన్నాడు మా నాన్న. షావుకారుతో మాట్లాడొచ్చాడు కూడా.”

కౌన్సెలింగు ఇంకో పదిహేను రోజులుంది. నేను ఆ జిగురు సీసా సాక్ష్యాన్ని మనసులో పెట్టుకుని కన్వీనరుగారి గదిలోకి వెళ్ళాను.

మా కన్వీనరు ప్రొఫెసర్ గరుడాద్రిగారు. ఆయన మెడలో శాలువా, నోట్లో ‘సమగ్రం’ అనే మాట లేకుండా నేనెప్పుడూ చూడలేదు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“పాణీ, కీ అంటే ఏమిటనుకున్నావు? అది మండలి ఆత్మగౌరవం. తప్పని అభ్యర్థి అన్నంత మాత్రాన కీ తప్పయిపోతుందా? తప్పని మనం అనాలి. మనం అనం.”

“ప్రశ్న రాసినాయన్ని ఒకసారి అడిగితే తేలిపోతుంది కదండీ?”

“ఎవరు రాశారో అత్యంత రహస్యం. రహస్యంగా ఉన్న వ్యక్తిని బహిరంగంగా ఎలా అడుగుతాం? దీనికి సమగ్రమైన నిపుణుల సంఘం వేద్దాం. తర్కశాస్త్రంలో అచలపతిగారిని మించినవారు లేరు. ఆయన్నే అధ్యక్షుణ్ణి చేద్దాం.”

నాకు నవ్వు ఆగలేదు. ఆ ప్రశ్న ఎవరు రాశారో అచలపతిగారికి తెలియకూడదు. ఎందుకంటే రాసింది ఆయనే. వేసవిలో మా గెస్టుహౌసులో ఆయన తలుపులు బిగించుకుని పేపరు తయారుచేస్తుంటే కాఫీ అందించింది అటెండరు సుబ్బయ్య, స్టేషన్లో దింపింది డ్రైవరు మస్తాన్, గదికి ఏసీ మంజూరు చేసింది డిప్యూటీ డైరెక్టరు లలితాంబగారు. ఆయన మూడు అనే రాశారు. టైపు చేసేటప్పుడు అది నాలుగైంది. ఈ విషయం మా ఆఫీసులో గోడమీది బల్లికి కూడా తెలుసు.

సంఘం తొలి సమావేశంలో అచలపతిగారు శాయశక్తులా పెనుగులాడారు. “నాకు తెలిసిన ఒక పండితుడు ఉన్నారు. ఆయన అభిప్రాయంలో... ఆయన ఉద్దేశం బహుశా మూడు అయి ఉండవచ్చునని... నాకు తెలియదనుకోండి...” అని నీళ్ళు నమిలారు.

“ఎవరా పండితుడు?” అన్నారు గరుడాద్రిగారు.

అచలపతిగారు మంచినీళ్ళు తాగారు. ఆ తరువాత ఇక ఆ పండితుడి ఊసెత్తలేదు.

గరుడాద్రిగారికి అప్పుడే ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చిన రోజు మేమందరం ఇళ్ళకు ఆలస్యంగా వెళతాం.

“ఈ ప్రశ్నలో పేర్లు గమనించారా? సుబ్బయ్య మన దగ్గరున్నాడు. మస్తాన్ ఉన్నాడు. లలితాంబగారు ఉన్నారు. మరి ఊహలమీద వాదించుకోవడం దేనికి? కాగితం మీది తర్కం కాగితం వరకే. కూర్చోబెట్టి చూద్దాం. సుబ్బయ్య కుడిపక్కన ఎవరున్నారో సమగ్రంగా, క్షేత్రస్థాయిలో నిర్ధారిద్దాం.”

“అది తర్కశాస్త్రం కదండీ, కూర్చోబెట్టి చూడనక్కర్లేదు” అన్నారు అచలపతిగారు బలహీనంగా.

“మీరు ప్రశ్న రాసినవారి తరఫున మాట్లాడుతున్నారా?”

“అబ్బే, లేదు లేదు. కూర్చోబెట్టండి.”

అలా ‘అరవై మూడవ ప్రశ్న వాస్తవాల నిర్ధారణ సంఘం’ ఏర్పడింది. మొదటి చిక్కు డేవిడ్‌తో వచ్చింది. మా ఆఫీసు మొత్తంలో ఆ పేరుగలవాడు లేడు. పక్క ఆఫీసులో ఒకాయన ఉన్నాడు గానీ డెప్యుటేషను మీద తేవాలంటే మూడు నెలలు పడుతుంది. అందుకని ఈ ఉత్తర్వు వెలువడింది: “శ్రీ కె. కోదండపాణి, సూపరింటెండెంటు, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు, తన స్వంత విధులకు అదనముగా డేవిడ్‌గా విధులు నిర్వర్తించవలెను. ఇందునిమిత్తము ఎట్టి అదనపు భత్యము చెల్లింపబడదు.” ఇంటికెళ్ళి చూపిస్తే మా ఆవిడ, “ఇన్నాళ్ళకి ఏదో ఒకటయ్యారు, సంతోషం” అంది.

రెండో చిక్కు బల్ల. మా సమావేశ మందిరంలో ఉన్నది రైలుపెట్టెంత పొడుగు బల్ల. ప్రశ్నలో చదరపుది అని ఉంది. వడ్రంగిని పిలిపించి చేయించారు. చేసినది చదరమేనని ఎవరు చెప్పాలి? ఇంజనీరింగు విభాగానికి రాశారు. వాళ్ళు వచ్చి నాలుగు వైపులా కొలిచి, “పై వస్తువు ప్రస్తుత వాతావరణ పరిస్థితులలో చదరముగా యున్నది” అని ధ్రువపత్రం ఇచ్చారు. వర్షాకాలంలో చెక్క ఉబ్బితే తమ పూచీ లేదని కింద చిన్న అక్షరాల్లో రాసుకున్నారు.

ఈలోగా ఇందుమతి మళ్ళీ వచ్చింది. ఆమెను వడ్రంగి దగ్గర చూశాను. రంపపుపొట్టులో నిలబడి బల్లకేసి చూస్తోంది.

“ఏంటి సార్ ఇది?”

“నీ మార్కమ్మా. పాలిషు వేస్తున్నారు.”

నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

మూడో చిక్కు కుర్చీలు. బయటివాళ్ళకు తెలియదు గానీ, ప్రభుత్వ కార్యాలయంలో కుర్చీ అంటే నాలుగు కాళ్ళ వస్తువు కాదు, హోదా. చక్రాలు తిరిగి, వీపుమీద తెల్ల తువ్వాలు వేసినది డిప్యూటీ డైరెక్టరు స్థాయి. చేతులుండి తువ్వాలు లేనిది సూపరింటెండెంటుది. చేతులు కూడా లేనిది డ్రైవరుకు. ఇక అటెండరుకు కుర్చీ ఉండదు, స్టూలు ఉంటుంది. ఆ స్టూలు కూడా గదిలో ఉండదు, గుమ్మం బయట గంట కింద ఉంటుంది. ప్రశ్నలో మాత్రం నలుగురూ కూర్చున్నారని రాసి ఉంది. ఆ ఒక్క మాటలో ఎంత ప్రమాదం పొంచి ఉందో రాసిన పండితుడికి తట్టలేదు.

నిర్ధారణ రోజు వచ్చింది. బల్ల మధ్యలో పూలగుత్తి, నాలుగు వైపులా మా నాలుగు రకాల ఆసనాలు. ఒక పక్కగా గరుడాద్రిగారు, అచలపతిగారు, వీడియో తీసేవాడు.

“మొదటి సూచన అమలు చేయండి. మస్తాన్‌కు ఎదురుగా లలితాంబగారు” అన్నారు కన్వీనరు.

లలితాంబగారు కదల్లేదు. “మస్తాన్‌కి ఎదురుగా నేను కూర్చోవడమేమిటండీ? కావాలంటే నాకు ఎదురుగా మస్తాన్ కూర్చుంటాడు.”

“తర్కరీత్యా రెండూ ఒకటేనమ్మా” అన్నారు అచలపతిగారు.

“మీ తర్కానికి ఒకటేనేమో. సర్వీసు రూల్సుకి కాదు. రేపు సీనియారిటీ లిస్టు వేసేటప్పుడు ఎవరైనా ఈ వీడియో పట్టుకొస్తే ఎవరు జవాబుదారీ?”

అరగంట చర్చ తరువాత, డిప్యూటీ డైరెక్టరు ముందుగా ఆసీనులైనారనీ, పిదప డ్రైవరు ఆమెకు ఎదురుగా సర్దుకున్నాడనీ మినిట్స్‌లో రాశాక ఆమె కూర్చున్నారు. నేను డేవిడ్‌గా ఆమె నా కుడిపక్కకు వచ్చేలా కూర్చున్నాను. మస్తాన్ నా ఎడమపక్కన ఆ చేతుల్లేని కుర్చీ అంచుమీద, బస్సులో ఆఖరి సీటు దొరికినవాడిలా ఆనుకున్నాడు. ఇక మిగిలింది నాకు ఎదురుగా ఉన్న స్టూలు. దాని పక్కన సుబ్బయ్య నిలబడి ఉన్నాడు.

“కూర్చో సుబ్బయ్యా” అన్నారు కన్వీనరు.

“పర్లేదయ్యా.”

“పర్లేదు కాదు. కూర్చో.”

“నిలబడితే నాకేం ఇబ్బంది లేదయ్యా. అలవాటే.”

“నీ ఇబ్బంది గురించి కాదయ్యా! ప్రశ్నలో నువ్వు కూర్చున్నావు!”

“ఎవరో గిట్టనోళ్ళు రాసుంటారయ్యా. నేనట్టాంటోణ్ణి కాదు. ఈ ఆఫీసులో చేరినకాణ్ణుంచీ ఏ అయ్యగారి ఎదురుగానూ కూర్చోలేదు. రిటైరయ్యే ముందు నాకీ మచ్చ ఎందుకయ్యా?” సుబ్బయ్య చేతులు జోడించాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కన్వీనరు గద్దించారు. సుబ్బయ్య వణుకుతూ నడుము సగం వంచాడు. అంతలో గరుడాద్రిగారికి దగ్గొచ్చింది. ఆ దగ్గుకు సుబ్బయ్య దిగ్గున నిటారయ్యాడు. మళ్ళీ వంగమన్నారు, మళ్ళీ వంగాడు. ఈసారి లలితాంబగారి పెన్ను కింద పడింది, అది తీసివ్వడానికి పరిగెత్తాడు.

“సగం కూర్చోవడాన్ని తర్కశాస్త్రం గుర్తించదు” అన్నారు అచలపతిగారు, ఏదో ఒకటి అనాలి గనక.

సరే, మనమందరం బయటికి పోదామన్నారు కన్వీనరు. ఆయనా, అచలపతిగారూ, వీడియోవాడూ బయట నిలబడ్డారు. అయినా సుబ్బయ్య కూర్చోలేదు. గదిలో ఇంకా లలితాంబగారున్నారు కదా. ఆమెను కూడా బయటికి పిలిచారు. తలుపు మూసుకున్న మరుక్షణం సుబ్బయ్య హాయిగా స్టూలు మీద కూలబడి, “అబ్బా, మోకాళ్ళు పీకుతున్నాయి పాణిగారూ” అన్నాడు. నన్ను చూసి సుబ్బయ్య ఏనాడూ లేవలేదు. సూపరింటెండెంటు అంటే అంతే.

తలుపు తెరిచారు. సుబ్బయ్య నిలబడి ఉన్నాడు.

“కూర్చున్నాడు సార్, నేను చూశా” అన్నాడు మస్తాన్. ప్రశ్నలో కక్షిదారు కాబట్టి అతని సాక్ష్యం చెల్లదన్నారు. నాదీ చెల్లదన్నారు, నేను డేవిడ్‌ని కాబట్టి.

ఇలా ఆ పూటంతా తలుపు తెరవడం, మూయడంతో గడిచింది. చివరికి సంఘం వారికి సత్యం సాక్షాత్కరించింది. లలితాంబగారు ఉంటే సుబ్బయ్య కూర్చోడు. సుబ్బయ్య కూర్చుంటే లలితాంబగారు ఉండరు. కాబట్టి ఆ నలుగురూ ఒకే బల్ల చుట్టూ ఒకే సమయంలో కూర్చుని ఉండడం ఈ భూమండలం మీద అసంభవం. ఉత్తరోత్తరా గొడవ లేకుండా నివేదిక ఇలా రాశారు: “ప్రశ్నయందు పేర్కొనబడిన స్థితి వాస్తవ విరుద్ధమై యున్నందున, ఎన్ని సూచనలు కలిపినను సుబ్బయ్య కుడిపక్కన ఎవరునూ ఉండుటకు అవకాశము లేదు. కావున సమాచారము చాలదు. మండలివారి జవాబు నాలుగు సర్వవిధముల సమర్థనీయము.” కింద అచలపతిగారు సంతకం పెట్టారు. తన ప్రశ్నకు తాను రాసిన జవాబు తప్పని తానే ధ్రువీకరించిన పండితుణ్ణి నేను చూడడం అదే మొదటిసారి. సంతకం కింద తేదీ కూడా పొందిగ్గా వేశారు. తర్కం బాగా చదువుకున్నవారు.

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం. వీళ్ళు కొండను తవ్వి, ఎలుక పుట్టలేదని రుజువు చేశారు.

ఈ సంగతి పత్రికలకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. వీడియోవాడికి తెలుసేమో. ‘కూర్చోని సుబ్బయ్య’ అని పెద్ద అక్షరాలతో వచ్చింది. కింద ఇందుమతి ఫోటో, పక్కన బల్ల బొమ్మ. స్కూలు పిల్లలు కూడా అగ్గిపుల్లలతో చేసి చూసి, మస్తానేనని తేల్చేశారట. పైనుంచి ఫోను వచ్చింది. ఫోనులో ఏమన్నారో గానీ, గరుడాద్రిగారు శాలువాతో చెమట తుడుచుకుంటూ బయటికొచ్చారు. కౌన్సెలింగుకు రెండు రోజుల ముందు విలేకరులను పిలిచారు. ఇందుమతి కూడా వచ్చి వెనక వరసలో నిలబడింది. వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు గెలిచిందనే ధీమాతో అందరికేసీ చూస్తున్నాడు.

“మండలి ఎల్లప్పుడూ అభ్యర్థుల పక్షమే” అన్నారు గరుడాద్రిగారు. “కీ తప్పు కాదు. అయినప్పటికీ ఉదారభావంతో, మానవతా దృక్పథంతో, అరవై మూడవ ప్రశ్నకు ఒక మార్కు కలపాలని నిర్ణయించాం.”

ఇందుమతి వాళ్ళ నాన్న చప్పట్లు కొట్టాడు.

“ఈ మార్కు అభ్యర్థులందరికీ కలుపుతున్నాం. ఏ ఒక్కరికీ అన్యాయం జరగకూడదనేది మా సమగ్ర విధానం. నాలుగు అని రాసి ఇదివరకే మార్కు పొందినవారికి కూడా ఇంకొకటి కలుపుతాం. ఒకటి, రెండు రాసినవారికీ కలుపుతాం. ఆ ప్రశ్న ముట్టుకోనివారికీ కలుపుతాం. పరీక్షకు రానివారి విషయం పరిశీలనలో ఉంది.”

హాలంతా చప్పట్లు. ఈసారి ఆ నాన్న చేతులు కదల్లేదు. ఆయనకు లెక్కలు రావేమో గానీ కూతురి మొహం చదవడం వచ్చు.

ఆ పిల్ల ముందుకొచ్చింది.

“సార్, అందరికీ తలో మార్కు కలిపితే ర్యాంకులు ఎట్టున్నయ్యో అట్టనే ఉంటాయి కదా? నాకు రావాల్సిన మార్కు నాకిస్తే చాలు. దాన్ని రాష్ట్రమంతా పంచిపెట్టారేంటి? నా పైవాడు మళ్ళీ నా పైనే ఉన్నాడు.”

గరుడాద్రిగారు జాలిగా నవ్వారు. “అమ్మాయీ, నువ్వు మార్కు అడిగావు, ఇచ్చాం. ఇతరులకు ఇవ్వవద్దనడానికి నీకేం హక్కుంది? దాన్ని న్యాయం అనరు తల్లీ, ఓర్వలేనితనం అంటారు.”

విలేకరులు అది రాసుకున్నారు. మర్నాడు పత్రికల్లో ‘లక్షమందికి మార్కు వరం’ అని వచ్చింది. ఎక్కడో అభ్యర్థులు గరుడాద్రిగారి ఫోటోకు పాలాభిషేకం కూడా చేశారు. కౌన్సెలింగు జరిగింది. గవర్నమెంటు కాలేజీలో ఆఖరి సీటు నాలుగు అని గుర్తు పెట్టిన ఒక కుర్రాడికి వెళ్ళింది. పాపం, ఆ పిల్లవాడిని అనడానికేం లేదు. మండలి దేన్ని నిజమంటుందో అతను ముందుగానే కనిపెట్టాడు.

ఆ మర్నాడు ఇందుమతి తన సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవడానికి వచ్చింది. మధ్యాహ్నం, పెద్దవాళ్ళందరూ కన్వీనరుగారి గదిలో ఉన్నారు. గరుడాద్రిగారికి జరగబోయే సన్మానంలో పత్రం మీద ఏం రాయించుకోవాలో చర్చ. సర్టిఫికెట్లు బయటకు రావడానికి అరగంట పడుతుందని, ఎండలో ఎక్కడ నిలబడుతుందిలే అని ఆమెను నిర్ధారణ జరిగిన గదిలోకి తీసుకెళ్ళాను. బల్ల, నాలుగు ఆసనాలు అలాగే ఉన్నాయి. సంఘాన్ని రద్దు చేస్తే గానీ వాటిని కదపడానికి వీల్లేదు. నేను నా కుర్చీలోనే కూర్చున్నాను. ఎంతైనా ఇంకా డేవిడ్‌నే కదా. ఆ పిల్ల ఏ కుర్చీ ఎవరిదో తెలియక, నా కుడిపక్కన తెల్ల తువ్వాలు వేసిన కుర్చీలో కూర్చుంది. మస్తాన్ ఫ్లాస్కులో టీ, కాగితంలో మిరపకాయ బజ్జీలు తెచ్చి, ఆమెకు ఎదురుగా ఉన్న తన కుర్చీలో కూర్చున్నాడు.

సుబ్బయ్య గ్లాసులు కడిగి తెచ్చి నాకు ఎదురుగా నిలబడ్డాడు.

“నువ్వూ కూచో బాబాయ్, బజ్జీలు చల్లారిపోతాయి” అంది ఇందుమతి.

సుబ్బయ్య తలుపుకేసి ఒకసారి చూశాడు. తువ్వాలు కుర్చీలో ఉన్న పిల్లకేసి చూశాడు. ఆ స్టూలు లాక్కుని, మాతోపాటే కూర్చున్నాడు.

టీ పోస్తున్న మస్తాన్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. నేనూ చూశాను, ఆ పిల్లా చూసింది. మస్తాన్‌కు ఎదురుగా ఆమె. డేవిడ్‌నైన నాకు కుడిపక్కన ఆమె. సుబ్బయ్య కుడిచేతి వైపున, టీ గ్లాసు అందిస్తూ, మస్తాన్.

సుబ్బయ్యకు మాత్రం ఏమీ తెలియదు, బజ్జీ ఊదుకుంటూ తింటున్నాడు. ఇంత చిన్న నిజం కోసం ఒక వడ్రంగిని, ఒక ఇంజనీరును, ఒక తర్కశాస్త్ర పండితుణ్ణి కష్టపెట్టాం. ఒక పిల్లని కొట్లో బిల్లులు రాసుకోవడానికి పంపుతున్నాం. సిగ్గేసింది.

“ఇంక ఇంటికెళ్ళి ఏం చేస్తావమ్మా?” అన్నాను.

“కొట్లో చేరతాను సార్. నాన్న మాటిచ్చాడుగా. పగలు బిల్లులు రాసి, మిగతా టైములో చదువుకుని వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాస్తా.” టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఒక్క డౌటు సార్. వచ్చే ఏడు ఇదే ప్రశ్న మళ్ళీ ఇస్తే మూడు పెట్టాలా, నాలుగు పెట్టాలా?”

నేను బల్ల చుట్టూ చూశాను. నలుగురమూ కూర్చునే ఉన్నాం. ఎవరు ఎవరి పక్కనున్నారో కళ్ళకు కట్టినట్టుంది. కీ ఏదైనా కానీ, మూడే పెట్టమ్మా అని చెబుదామని నోరు తెరిచాను.

కన్వీనరుగారి గదిలోంచి గంట మోగింది.

సుబ్బయ్య సగం కొరికిన బజ్జీ కాగితంలో పడేసి, చేతులు పంచెకు తుడుచుకుంటూ లేచి పరిగెత్తాడు. ఆ ఊపుకి స్టూలు పక్కకు పడిపోయింది.

ఇందుమతి ఆ పడిపోయిన స్టూలుకేసి చాలాసేపు చూసింది. తరువాత సంచి భుజాన వేసుకుని లేచింది.

“అర్థమైంది సార్” అంది. “నాలుగే పెడతాను.”